రేపల్లె నుంచి రాని దీర్ఘం

ఆ ఆరు నెలలూ నేను గోడకు పాఠం చెప్పాను. మాటవరసకు అనడం లేదు. తెనాలిలో కాలవ గట్టు దగ్గర ఒక మేడ మీద గది, ఎదురుగా సున్నం రాలుతున్న గోడ, గోడకీ నాకూ మధ్య ఒక కంప్యూటరు. చెవులకు హెడ్‌ఫోను, మూతి ముందు మైకు. కిటికీ మూస్తే ఉక్క, తెరిస్తే గట్టు మీద లారీల హారన్లు. నేను మాట్లాడేది బాపట్లలో పదిమందికీ, రేపల్లెలో ఎనిమిదిమందికీ వినపడుతుందని చెప్పారు. సరేనని నమ్మాను.

బ్రాడ్‌బ్యాండ్ మా ఊళ్ళకు కొత్తగా వచ్చిన రోజులవి. అప్పటికి కాలేజీలో కంప్యూటర్లు చెప్పడంలో నాకు పన్నెండేళ్ళ అనుభవం ఉంది, దానికి రెట్టింపు నోరు ఉంది. ఒక శిక్షణ సంస్థవాళ్ళు నన్ను వెతుక్కుంటూ వచ్చి, చిన్న చిన్న ప్రైవేటు బళ్ళలో పనిచేసేవాళ్ళ కోసం ఆన్‌లైన్ కోర్సు పెడుతున్నామనీ, పిల్లలకు కంప్యూటరు ఎలా నేర్పాలో వాళ్ళకు మీరు నేర్పాలనీ అడిగారు. వారానికి మూడు సాయంత్రాలు, ఐదు నుంచి ఆరున్నర దాకా. వాళ్ళెవరూ తెనాలి రానక్కర్లేదు, నేనూ ఎక్కడికీ పోనక్కర్లేదు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. కాలేజీలో అరవైమందిని కిక్కురుమనకుండా కూర్చోబెట్టినదాన్ని, కనపడని పద్దెనిమిదిమంది నాకో లెక్కా!

నా గొంతు అటు వెళ్ళేది గాని వాళ్ళ గొంతులు ఇటు వచ్చేవి కావు. వచ్చినా సగం మాట మింగేసి వచ్చేవి. అందుకని వాళ్ళు ఏం చెప్పాలన్నా తెర పక్కనున్న గడిలో టైపు చెయ్యాలి. తెలుగు అక్షరాలు కొట్టడం అప్పటికి మాలో ఎవరికీ రాదు. ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసేసేవాళ్ళం. అమ్మ అంటే amma, అన్నం అంటే annam. ఇందులో ఇబ్బందేముంది, అందరికీ అర్థమవుతోందిగా అనుకునేవాళ్ళం.

మొదటి రోజు, ఈ కోర్సులో ఎందుకు చేరారో ఒక్కొక్కరూ ఒక్క ముక్కలో రాయమన్నాను. బాపట్ల నుంచి టపటపా పడ్డాయి జవాబులు. కొత్త విషయాలు తెలుసుకోవాలని ఒకరు, కాలంతో పాటు మారాలని ఒకరు. అన్నీ ఉపన్యాసం ముక్కలే. బాగుంది బాగుంది అంటూ నేను పాఠంలోకి దిగిపోయాను. మౌసు ఎలా పట్టుకోవాలో చెబుతుండగా రేపల్లె నుంచి ఒక వాక్యం వచ్చి పడింది. "మా బడిలో అందరూ నన్ను అక్కా అంటారు. మేడం అనిపించుకోవాలి."

నాకు నవ్వొచ్చింది. మైకు ముందే నవ్వాను. ఆ నవ్వు రెండు ఊళ్ళలోనూ వినపడి ఉంటుంది.

ఆమె సంగతి తర్వాత రేపల్లెలో మా సెంటరు చూసుకునే ఆయన ఫోన్లో చెప్పాడు. ఆయన నెట్ సెంటరు నడుపుతూ, సాయంత్రం పూట ఆ ఎనిమిదిమందికీ కంప్యూటర్లు ఇచ్చి కూర్చోబెట్టేవాడు. "ఆవిడ బళ్ళో ఆయాగా చేరారండి. ప్రైవేటుగా ఇంటరు కట్టి పాసయ్యాక ఎల్.కె.జి. పిల్లలకి అక్షరాలు కూడా చెబుతున్నారండి. వాళ్ళాయన బజార్లో టైలరండి, సాయిబులు. ఇంట్లో ఉర్దూ మాట్లాడుకున్నా తెలుగు మనకంటే బాగా రాస్తారండి." జూన్లో ఆ బళ్ళో కొత్తగా కంప్యూటర్ల గది తెరుస్తారట. జూన్ ఒకటో తారీకుకల్లా సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తే ఆ గది నీదేనని బడి పెద్ద మాటిచ్చాడట. అంటే ఆమెకు అది కోర్సు కాదు, ఆయా పనిలోంచి బయటపడే దారి. ఈ సంగతంతా విని కూడా నేను "ఊఁ" అని ఫోన్ పెట్టేశాను. విన్నానే గాని మనసులో పెట్టుకోలేదు.

ఆమెకు కీబోర్డు మీద ఒక్క వేలే నడిచేది. ఒక్కో అక్షరం వెతికి వెతికి కొట్టేది. నేను ప్రశ్న అడిగి, బాపట్ల జవాబులు చూసుకుని, ఇంకో ప్రశ్నలోకి వెళ్ళేసరికి ఆమె మొదటి జవాబు పూర్తయ్యేది. అది రెండో ప్రశ్న కింద పడేది. "అర్థం కానివాళ్ళు ఎవరైనా ఉన్నారా?" అని అడిగిన చోట "ఫోల్డరు" అని ఉండేది. "ఇవాళ్టికి చాలా?" అన్న చోట "నేను చేశాను" అని ఉండేది. ఆమె ప్రతి ప్రశ్నకూ సరిగ్గానే జవాబు చెబుతోందనీ, నేనే ఆగడం లేదనీ నాకు తట్టలేదు. నాకు తట్టింది వేళాకోళం.

తెనాలి నుంచి రేపల్లెకు ప్యాసింజరు ఉంది. అది ఎప్పుడు బయలుదేరుతుందో ఎప్పుడు చేరుతుందో ఎవరూ గట్టిగా చెప్పలేరు. ఒకరోజు ఆమె జవాబు అలాగే ఆలస్యంగా వచ్చి పడితే, "ఇదిగో, రేపల్లె ప్యాసింజరు ఇప్పుడొచ్చిందండోయ్!" అన్నాను మైకులో. బాపట్లవాళ్ళు గడి నిండా నవ్వులు టైపు చేశారు. ఇంకేముంది, ఆ పేరు ఖాయమైపోయింది. ఆర్నెల్లూ ఆమెను అందరం ప్యాసింజరే అన్నాం. ముప్పై రెండేళ్ళ మనిషి, పొద్దున్నుంచి పిల్లల్ని ఎత్తి దించి, వాళ్ళ చీమిడి ముక్కులు తుడిచి, సాయంత్రం వచ్చి కూర్చునేది. ఆమెకు నేను పెట్టిన పేరది.

బాపట్లలో ఒకాయన ఉండేవాడు. టైపు మిషను నేర్చుకుని పరీక్షలు పాసైన చెయ్యి. నేను "అర్థమైందా?" అనే లోపలే "అర్థమైందండి మేడం" అని వచ్చేసేది. వెనకే మిగతావాళ్ళవి. ఆ గడి నిండితే నాకు కడుపు నిండేది. అసలు వాళ్ళకు ఏం అర్థమైందో ఏనాడూ అడగలేదు. గోడకు చెబుతున్న మనిషికి గోడ "ఊఁ" కొడితే ఎంత సంబరమో అంత సంబరపడ్డాను. బాపట్లకు మూడుసార్లు వెళ్ళాను కూడా. ఎక్కడానికి బోలెడు రైళ్ళు, గంట లోపు చేరిపోతాం. వాళ్ళు స్టేషనుకొచ్చి తీసుకెళ్ళి, ఇడ్లీ పెట్టించి, పక్కన నిలబడి ఫోటోలు దిగారు. రేపల్లెకు మాత్రం ఒక్కసారీ పోలేదు. ఆ ప్యాసింజరులో గంటన్నర ఎవరు కూర్చుంటారు?

ఇంకో తప్పు కూడా చెప్పేస్తాను. కోర్సు మొదలైన కొత్తల్లో రంజాను నెల. రోజూ ఆరు కొట్టేసరికి ఆమె పేరు పక్కన, క్లాసులో ఉన్నట్టు చూపించే పచ్చచుక్క ఆరిపోయేది. పదిహేను నిమిషాలకు మళ్ళీ వెలిగేది. మధ్యలో లేచి తిరగడానికి ఇది సినిమా హాలా అని క్లాసులోనే అరిచాను. ఆ రోజు నుంచి చుక్క ఆరలేదు. తర్వాతెప్పుడో సెంటరాయన చెప్పాడు, ఉపవాసం విడవడానికి బయటికెళ్ళే మనిషి నేనన్న మాటకు లేవడం మానేసి, కీబోర్డు పక్కనే ఖర్జూరం నోట్లో వేసుకుని నీళ్ళు తాగి క్లాసు వినేదట. నాకు చెప్పొచ్చుగా అన్నాను. "మీరు అడగలేదు కదండి" అన్నాడు ఆయన మెల్లగా.

మొత్తం ఎనిమిది అభ్యాసాలు. ఏడు చేసి పంపింది ఆమె. ప్రతిదీ ఆఖరి గంటలో వచ్చేది గాని వచ్చేది. ఎనిమిదోది పెద్దది, మొదటిసారి కంప్యూటరు ముందు కూర్చునే పిల్లకు మొదటి పాఠం ఎలా చెబుతారో తయారుచేసి మెయిల్లో పంపాలి. అది పంపనివాళ్ళకు సర్టిఫికెట్ లేదు. గడువు ఏప్రిల్లో ఒక శుక్రవారం రాత్రి పన్నెండు గంటలు. గడువు దాటాక వచ్చినవి చూడవద్దని శిక్షణ సంస్థలో మావాళ్ళు గట్టిగా చెప్పారు. నేను వాళ్ళకంటే గట్టిగా చెప్పాను.

ఆ శుక్రవారం క్లాసుకు కూర్చునేటప్పటికి పదిహేడు అందాయి. రేపల్లె నుంచి ఒకటి మాత్రం రాలేదు. పాఠం అయ్యేదాకా ఓపిక పట్టి, చివర్లో మైకులో అడిగాను.

"రేపల్లె! అందరివీ వచ్చాయి, మన ప్యాసింజరుదే రాలేదు. ఏంటమ్మా, పంపుతున్నారా లేదా?"

బాపట్ల నుంచి రెండు నవ్వులు పడ్డాయి. నేను వేళ్ళతో బల్ల మీద కొడుతూ చూస్తున్నాను. అప్పుడొచ్చింది ఆమె జవాబు, ఒక్క మాట.

pampanu

పంపను.

ముందు వెనకా ఏమీ లేదు. మా వైపు కూరగాయలామెతో మాట్లాడినా మాట చివర అండి అంటాం. లేదండి, రాదండి, పంపనండి అని ఏడిస్తే పోనీలే అనుకునేదాన్నేమో. ఆమె ఏనాడూ అండి కొట్టేది కాదు. ఒక్కో అక్షరానికి అంతసేపు వెతుక్కునే వేలికి ఇంకో నాలుగక్షరాలంటే ఎంత బరువో నాకు తెలియలేదు. పొగరనుకున్నాను.

"ఏంటీ? పంపరా?" అన్నాను.

చాలాసేపటికి ఇంకో వరస వచ్చింది. nenu pampanu madam.

నేను పంపను మేడం. మేడం అని తగిలించి మరీ! ఒళ్ళు మండిపోయింది నాకు. పదిహేడుమంది ముందు, నా క్లాసులో, నా మొహం మీద! ఆమెకు నా మొహం కనపడదని కూడా గుర్తులేదు.

"పంపనంటే మానెయ్యండి. మీకు కాకపోతే నాకేం పని? బొట్టుపెట్టి పిలవడానికి ఇదేమన్నా పేరంటమా! చదువంటే లెక్కలేనివాళ్ళకి చెప్పేంత తీరిక నాకు లేదు" అని హెడ్‌ఫోను పీకి బల్ల మీద పడేసి, కంప్యూటరు కట్టేసి, మెట్లు దిగి ఇంటికొచ్చేశాను.

మర్నాడు పొద్దున్నే రేపల్లె సెంటరాయన ఫోను.

"మేడంగారూ, ఆవిడ పంపానంటున్నారండి. గురువారమే పంపారంటండి. నేను దగ్గరే ఉన్నానండి."

"మరి నాకు రాలేదేం?"

"ఏమోనండి. మళ్ళీ పంపమంటారా అండి?"

"నిన్న నా కళ్ళతో చదివానండీ. పంపనని రెండుసార్లు రాసింది. తెల్లారేసరికి పంపానంటే నేను నమ్మాలా?"

"అలా రాసుండరండి. రాత్రంతా ఏడ్చారంటండి."

"అంటే నాకు చదవడం రాదంటారు. అంతేగా?"

"అది కాదండి మేడంగారూ..."

"సిఫార్సులొద్దండి. గడువు గడువే" అని పెట్టేశాను.

పంపానంటున్నారండి. ఆయన నోటి నుంచి ఆ దీర్ఘం ఎంత స్పష్టంగా వినపడిందో నాకిప్పటికీ గుర్తుంది. ఒక్క క్షణం ఆగి, ముందురోజు నేను చదివిన మాటనీ పొద్దున విన్న మాటనీ పక్కపక్కన పెట్టుకుని ఉంటే చాలు. పన్నెండేళ్ళు పాఠాలు చెప్పినదాన్ని, ఆ ఒక్క పని చెయ్యలేదు. ఆరోజే జాబితాలో ఆమె పేరుకు ఎదురుగా, పంపడానికి నిరాకరించారు అని చక్కటి దస్తూరీతో రాసి సంతకం పెట్టాను. పదిహేడు సర్టిఫికెట్లు తయారయ్యాయి.

మే నెల వెళ్ళిపోయి జూన్ వచ్చింది. రెండో బ్యాచి మొదలుపెట్టాలి, మెయిలు పెట్టె నిండిపోయింది, చెత్త తీసెయ్యండి అని మావాళ్ళు అడిగారు. చెత్త మెయిళ్ళు పోగయ్యే అర తెరిచాను. లాటరీలు, మందుల ప్రకటనలు, ఎవరెవరో విదేశీ రాజకుమారుల ఉత్తరాలు. వరసగా కొట్టేసుకుంటూ వస్తున్నాను. మధ్యలో విషయం గడి ఖాళీగా ఉన్న మెయిలు ఒకటి, దాని వెనక బరువైన బొమ్మలు తొమ్మిది. వచ్చింది రేపల్లె నుంచి. తేదీ చూశాను. గడువుకు ముందురోజు గురువారం.

మెయిలుకు విషయం గడి నింపడం గురించి నేను చెప్పిన పాఠం గుర్తొచ్చింది. ఏం చెప్పాను? "ఇది చిన్న సంగతి, మీరే చూసుకోండి" అన్నాను. ఆ గడి ఖాళీగా ఉండబట్టీ, బొమ్మలు బరువుగా ఉండబట్టీ ఆ కంప్యూటరు దాన్ని చెత్తలో పడేసింది. అంటే దానికి తోచిన పని అది చేసింది, నాకు తోచిన పని నేను చేశాను.

ఏప్రిల్లో ఆ శుక్రవారం నాటి మాటల చిట్టా తెరిచాను. క్లాసులో ఎవరు ఏం టైపు చేసినా అందులో టైముతో సహా ఉండిపోతుంది. నేను ఒక్కనాడూ తెరిచి చూడలేదు. ఆరూ ఇరవైకి నేను వెళ్ళిపోయినట్టు ఒక గీత ఉంది. దాని కింద ఆమె ఒక్కతే ఉంది.

pampaanu

pampaaaaanu

pampaaaaaaaaaaanu madam

పంపాను. పంపాను. పంపాను మేడం.

తెలుగులో ఒక్క దీర్ఘంతో పోయే దానికి ఆమె ఎన్ని ఎ-లు కొట్టిందో లెక్కపెట్టాను. మొదట రెండు. తర్వాత ఐదు. ఆ తర్వాత పదకొండు. నా గొంతు "పంపరా?" అని అరిచినప్పుడు ఎక్కడ తేడా వచ్చిందో ఆమెకు తెలిసిపోయింది. ఆ తేడాను పూడ్చడానికి ఎన్ని అక్షరాలు కావాలో తెలియక కొట్టుకుంటూ పోయింది. అన్నిటికన్నా చివర, ఆరూ నలభై ఒకటికి, ఇంకొక్క వరస ఉంది. unnara madam. ఉన్నారా మేడం అని.

లేను. అప్పటికి ఇంట్లో కాఫీ తాగుతున్నాను.

అప్పుడు ఆ తొమ్మిది బొమ్మలూ తెరిచాను. కంప్యూటర్లో తెలుగు రాయడం రాదు కనక కాగితాల మీద చేత్తో రాసి వాటిని స్కాన్ చేయించి పంపింది. గుండ్రటి అక్షరాలు. ప్రతి గుడీ ప్రతి దీర్ఘమూ ఉండాల్సిన చోట ఉన్నాయి. మొదటి కాగితం మీద కీబోర్డు బొమ్మ వేసి, కింద ఇలా రాసింది:

"పిల్లకు మనం ఎ, బి, సి, డి వరసలో నేర్పాము. కీబోర్డు మీద ఆ వరస ఉండదు. అందుకని పిల్ల బెదురుతుంది. తనకు రాదనుకుంటుంది. ఒక్క అక్షరం చెప్పి మనం నోరు మూసుకోవాలి. మనసులో ఇరవై లెక్కపెట్టాలి. అప్పటికీ దొరక్కపోతే ఇంకో ఇరవై. పక్క పిల్ల ముందు కొట్టేసిందని చెప్పకూడదు. ఎంత ఆలస్యమైనా నవ్వకూడదు. దొరికాక చప్పట్లు కొట్టాలి."

నవ్వకూడదు. ఆ మాట దగ్గర నేను ఆగిపోయాను. అది నాకు రాసిన ఉత్తరం కాదు. ఆమె పాఠం రాసింది, అంతే. మిగతా పదిహేడుమందిలో ఎవరూ అలాంటి పాఠం రాయలేదు. టైపు పరీక్షలు పాసైన బాపట్లాయన రంగురంగుల బొమ్మలు పెట్టాడు, ఆయన పాఠంలో పిల్ల లేదు. గది తలుపు వేసుకుని ఏడ్చాను. నా నోరు పడిపోనూ అని నన్ను నేనే తిట్టుకున్నాను.

మావాళ్ళ దగ్గరికి వెళ్ళాను. బ్యాచి మూసేశాం, ఇప్పుడెలా ఇస్తామండీ అన్నారు. తప్పు నాది, నేను రాసింది అబద్ధం, కావాలంటే నా చేతే కాగితం రాయించుకోండి అన్నాను. రెండు రోజులు వాళ్ళ ప్రాణం తీసి సర్టిఫికెట్ ఇప్పించుకున్నాను. అప్పటికి జూన్ పదిహేను దాటింది.

పోస్టులో పంపొచ్చు. చేతులు రాలేదు. తెనాలి స్టేషనులో ప్యాసింజరు ఎక్కాను. ఎండ, జనం, జామకాయల బుట్టలు. వేమూరు దగ్గర ఆగింది, భట్టిప్రోలు దగ్గర ఆగింది, మధ్యలో ఏమీ లేని చోట కూడా ఆగింది. అడుగడుక్కీ ఆగుతున్నా ఎవరూ విసుక్కోవడం లేదు. ఎక్కాల్సినవాళ్ళు మూటలతో సహా ఎక్కేదాకా కదలకుండా నిలబడుతోంది. ఈ బండి పేరు పెట్టి ఆ మనిషిని ఏడిపించాను. గంటన్నర దారి. ఆరు నెలల్లో ఒక్కసారి ఈ గంటన్నర కూర్చుని ఉంటే, ఆమె పక్కన నిలబడి ఆ ఒక్క వేలు చూసి ఉంటే, ఇంత జరిగేది కాదు.

బడి ఒక అద్దె ఇంట్లో ఉంది. కింద రేకుల షెడ్డు, పైన గదులు. గేటు దగ్గర ఎవరితోనో "ఎల్.కె.జి. చెప్పే ఆవిడ ఉన్నారా అండి?" అన్నాను. షెడ్డులో నా వైపు వీపు పెట్టి వంగి, ఒక పిల్లకు చెప్పుల పట్టీ పెడుతున్న మనిషి గబుక్కున లేచింది.

"మేడం! మీరా అండీ!"

నన్ను ఏనాడూ చూడని మనిషి.

"ఎలా గుర్తుపట్టారమ్మా?"

"మీ గొంతండి. ఆర్నెల్లు చెవిలో పెట్టుకుని విన్నాను కదండి" అంది నవ్వుతూ. బక్కపల్చటి మనిషి, చున్నీ నడుముకు బిగించి కట్టింది. కుర్చీ తెచ్చి వేసింది. టీ తెప్పిస్తానంది. మంచినీళ్ళు తెచ్చింది. ఆ మాట చివర ఈ మాట చివర అండి, అండి. ఎన్ని అండీలు! టైపు చెయ్యలేక దాచుకున్నవన్నీ ఒక్కసారి ఇస్తున్నట్టుంది.

సర్టిఫికెట్ ఇచ్చాను. చేతులు కడుక్కొచ్చి, చున్నీకి తుడుచుకుని అందుకుంది. తన పేరు వేలితో తడిమి చూసుకుంది. నేను జరిగిందంతా చెప్పాను. చెత్తలో దొరికిన మెయిలు, మాటల చిట్టా, ఆ పదకొండు ఎ-లు. "నన్ను క్షమించమ్మా. నీ అంత బాగా రాసినవాళ్ళు ఆ బ్యాచిలో లేరు. నేను నీకు అన్యాయం చేశాను" అన్నాను. ఆమెను మీరు అనడం కూడా మర్చిపోయాను.

"అయ్యో, అదేంటండి పెద్దవారు! తప్పు నాదేనండి" అంది. "ముందే ఇంకొక్క ఎ కొట్టుంటే సరిపోయేదండి. ఆ అక్షరం ఎడం పక్క చివరే ఉంటదండి, వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. మీరు ఎదురుచూస్తన్నారని కంగారుపడ్డానండి."

నేను ఎదురుచూస్తున్నానని. నేను!

కంప్యూటర్ల గది సంగతి నేను అడగలేదు. ఆమే చెప్పింది. "ఎవరో గుంటూర్లో చదువుకున్న అమ్మాయంటండి, ఒకటో తారీకునే చేరింది. మంచిపిల్లండి. వచ్చే ఏడు చూద్దామన్నారండి మా సారు." అని ఆ కాగితాన్ని జాగ్రత్తగా కవర్లో పెట్టి, పిల్లల పలకలు పెట్టే బీరువాలో పైన పెట్టింది.

ఇప్పుడు ఆన్‌లైన్లో పాఠాలు ఎలా చెప్పాలో మాకు చెప్పండి అని ఎక్కడెక్కడినుంచో నన్ను పిలుస్తుంటారు. వెళ్ళినచోటల్లా అడిగి ఆగమంటాను, ఇరవై లెక్కపెట్టమంటాను, జవాబు రాని మనిషికి ఫోన్ చెయ్యమంటాను. నాకు తోచిన గొప్ప సంగతులన్నట్టు రాసుకుంటారు వాళ్ళు. కాదు, ఇది రేపల్లెలో ఒకావిడ నాకు పంపిన పాఠం అని చెబుతాను. పంపిన అన్న మాటను ప్రతిసారీ ఒత్తి పలుకుతాను.

ఆరోజు నేను కుర్చీలోంచి లేస్తుండగా, ఒక నాలుగేళ్ళ పిల్ల ఖాళీ గ్లాసు పట్టుకుని వచ్చి ఆమె చున్నీ లాగింది.

"అక్కా, నీళ్ళు."

నాకు ఉండబట్టలేదు. ఆ పిల్ల ముందు కూర్చుని, "అక్క కాదమ్మా, మేడం. ఏదీ, మేడం అను" అన్నాను.

పిల్ల నన్నొకసారి, ఆమెనొకసారి చూసింది. ఈ మనిషికి ఏమీ తెలియదని దానికి అర్థమైపోయింది. ఓపిగ్గా మెట్ల వైపు వేలు చూపించింది.

"మేడం పైన ఉంది. కంప్యూటర్ల గదిలో."